మియాటా స్టార్ట్ అవ్వట్లేదా? కొత్త సెల్ఫ్, ఆల్టర్నేటర్ కొనే ముందు మీటర్ పెట్టి చూడండి

అమెరికాలో ఉన్న మనవాళ్లలో ఎవరైనా వీకెండ్ కారుగా పాత మజ్డా మియాటా కొనుక్కుని ఉంటే ఇది మీకోసమే. నేను చెప్పేది లైట్లు పైకి లేచే ఫస్ట్ జనరేషన్ గురించి, అంటే 1990 నుంచి 1997 మోడల్ దాకా. చాలామంది చేసేదేంటంటే కారు స్టార్ట్ కాకపోతే ముందు బ్యాటరీ మారుస్తారు, అది పని చేయకపోతే ఆల్టర్నేటర్ (ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీని ఛార్జ్ చేసేది), ఆ తర్వాత సెల్ఫ్ (ఇంజన్‌ని తిప్పి స్టార్ట్ చేసే మోటర్), ఇలా వందల డాలర్లు పెట్టాక చివరికి ఒక లూజు బోల్ట్ బయటపడుతుంది. అంత అవసరం లేదండి, ఒక మామూలు మల్టీమీటర్ ఉంటే చాలు.

ఈ కారులో బ్యాటరీ బానెట్ కింద ఉండదు, డిక్కీలో కుడి పక్కన ఉంటుంది. పాజిటివ్ కేబుల్ అక్కణ్ణుంచి కారు పొడుగునా ముందుకి వస్తుంది, నెగటివ్ ఏమో డిక్కీలోనే బాడీకి బిగించి ఉంటుంది, మళ్లీ ముందు ఇంజన్ నుంచి బాడీకి వేరే ఎర్త్ వైరు ఉంటుంది. ఇన్ని జాయింట్లు, అన్నీ ముప్పై ఏళ్లవి. అందుకే ఈ కారులో బ్యాటరీ మంచిదా కాదా అన్నదాంతో పాటు దారిలో వోల్టేజ్ ఎక్కడ పోతోందో కూడా చూడాలి.

ముందు కీ తిప్పి వినండి. టకటకటక అని వరసగా కొట్టుకుంటే ఎక్కువగా బ్యాటరీ డౌన్, లేదా టెర్మినల్ లూజు. ఒకే ఒక్క టక్ అని ఆగిపోతే సెల్ఫ్ దగ్గరో పెద్ద కేబుళ్ల దగ్గరో చూడాలి. అసలు చప్పుడే లేకపోతే సెల్ఫ్‌కి సిగ్నల్ వెళ్లట్లేదు. ఇంజన్ బాగా తిరుగుతూ అంటుకోకపోతే అది పెట్రోల్, స్పార్క్ సంగతి, ఇక్కడ వెతికి లాభం లేదు.

కారు రాత్రంతా ఆపి ఉంచాక బ్యాటరీ పోస్టుల మీద వోల్టేజ్ చూడండి. 12.6 ఉంటే ఫుల్, 12.2 అంటే సగమే, 12 కంటే తక్కువైతే ముందు ఛార్జ్ చేయండి, డౌన్ అయిన బ్యాటరీతో చేసే ఏ టెస్టూ నిజం చెప్పదు. తర్వాత సెల్ఫ్ కొట్టేటప్పుడు చూడాలి, కానీ ఇంజన్ స్టార్ట్ అయిపోకూడదు కాబట్టి ఇంజన్ హెడ్ (ఇంజన్ పైభాగం) వెనకాల ఉండే క్యామ్ యాంగిల్ సెన్సర్ (స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో చెప్పే సెన్సర్) కనెక్టర్ పీకేయండి, గేర్ న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ వేయండి. ఒకరు కీ తిప్పుతుంటే ఇంకొకరు మీటర్ చూడాలి. 9.6 కంటే కిందకి పడిపోతే ఎక్కువగా బ్యాటరీ పోయినట్టే, చాలా ఆటో పార్ట్స్ షాపుల్లో ఫ్రీగా లోడ్ టెస్ట్ (బ్యాటరీ మీద భారం వేసి చూసే టెస్ట్) కూడా చేస్తారు. మారుస్తుంటే మాత్రం దయచేసి గ్యాస్ బయటికి పోయే ట్యూబులు పెట్టుకునే సీల్డ్ బ్యాటరీయే తీసుకోండి, చవకని మామూలు బ్యాటరీ పెడితే ఆ గ్యాస్ మూసిన డిక్కీలో చేరుతుంది, అది ప్రమాదం.

ఇప్పుడు అసలైన టెస్ట్, దీన్నే ఎవరూ చేయరు. మీటర్ డీసీ వోల్ట్స్‌లో పెట్టి ఎర్ర ప్రోబ్ బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద, నల్లది సెల్ఫ్ మీద లావు కేబుల్ బిగించే బోల్ట్ మీద పెట్టాలి, మీటర్ వైర్లు అంత దూరం అందవు కాబట్టి ఒక పొడుగాటి వైరు కలుపుకోండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు అర వోల్ట్ కంటే ఎక్కువ చూపిస్తే ఆ పోయిన వోల్టేజ్ అంతా కేబుల్‌లోనో జాయింట్‌లోనో ఉంది. ఎర్త్ వైపు కూడా ఇలాగే, నెగటివ్ పోస్టు నుంచి ఇంజన్ బ్లాక్‌కి, అక్కడ 0.2 వోల్ట్ దాటకూడదు. దాటితే ముక్కలు చేసి చూసుకుంటూ రండి: పోస్టు నుంచి క్లాంపుకి (పోస్టుకి కేబుల్‌ని బిగించే పట్టీ), క్లాంపు నుంచి డిక్కీలో బాడీ బోల్ట్‌కి, ముందు బాడీ నుంచి ఇంజన్‌కి. ప్రోబ్ క్లాంపు మీద కాదు, మధ్యలో ఉన్న సీసం పోస్టు మీదే గుచ్చాలి, ఎందుకంటే పైకి శుభ్రంగా కనిపించే క్లాంపు విప్పితే లోపలివైపు బూడిద రంగు పొర పట్టి ఉంటుంది, వోల్టేజ్ తినేది అదే. వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్ది బిగించి మళ్లీ కొలవండి.

సెల్ఫ్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి తీసుకెళ్లే గొట్టాలు) కింద దాక్కుని ఉంటుంది, కింద నుంచి చేరాల్సి వస్తే జాక్ ఒక్కదాన్నే నమ్మి కారు కిందకి వెళ్లకండి, స్టాండ్లు పెట్టాలి. చప్పుడే లేని కేసులో సోలినాయిడ్‌కి (సెల్ఫ్ మీద ఉండే, దాన్ని ఆన్ చేసే స్విచ్ లాంటిది) వచ్చే సన్న వైరు దగ్గర కీ తిప్పినప్పుడు బ్యాటరీకి దగ్గరగా వోల్టేజ్ రావాలి. వస్తోందంటే, ఎర్త్ బాగుంటే, సెల్ఫ్‌దే తప్పు. రాకపోతే క్లచ్ పెడల్ దగ్గర స్విచ్ చూడండి, అమెరికా మాన్యువల్ కార్లలో క్లచ్ తొక్కితేనే సెల్ఫ్ తిరుగుతుంది, ఆ స్విచ్ సరిగ్గా నొక్కుకోకపోయినా ఇదే లక్షణం. తర్వాత ఇగ్నిషన్ స్విచ్. ఇక ఏ లైటూ వెలగట్లేదు, బ్యాటరీ మాత్రం 12.6 ఉంది అంటే బానెట్ కింద 80 ఆంప్స్ మెయిన్ ఫ్యూజ్ చూడండి, జంపర్ కేబుళ్లు తిరగేసి పెడితే పోయేది అదే.

ఛార్జింగ్ సంగతి తేలికే. ఇందాక పీకిన సెన్సర్ కనెక్టర్ తిరిగి పెట్టి, స్టార్ట్ చేసి బ్యాటరీ మీద చూస్తే సుమారు 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి, హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి కొంచెం రేజ్ చేసినా 13.5 దాకా నిలవాలి. తక్కువ ఉంటే ఆల్టర్నేటర్ వెనక బోల్ట్ మీద కూడా కొలవండి, అక్కడ 14.2 ఉండి బ్యాటరీ దగ్గర 13 ఉందంటే ఆల్టర్నేటర్ మంచిదే, మధ్యలో దారి బాలేదు. రెండు చోట్లా తక్కువైతే ముందు బెల్ట్ టెన్షన్ చూడండి, వాటర్ పంప్‌ని తిప్పేది కూడా ఆ బెల్టే కాబట్టి అది తెగితే బ్యాటరీ లైట్‌తో పాటు ఇంజన్ కూడా వేడెక్కుతుంది, వెంటనే ఆపేయాలి. కీ ఆన్ చేసినప్పుడు బ్యాటరీ లైట్ అసలు వెలగకపోతే బల్బూ దాని వైరింగూ చూసుకోండి. మీటర్ ఏసీ వోల్ట్స్‌లో పెట్టి అర వోల్ట్ కంటే ఎక్కువ వస్తే ఆల్టర్నేటర్ డయోడ్ల (ఏసీని డీసీగా మార్చే భాగాలు) మీద అనుమానం పడాలి. ఒక్క మాట, ఇంజన్ రన్నింగ్‌లో ఉండగా బ్యాటరీ కేబుల్ పీకి ఆల్టర్నేటర్ టెస్ట్ చేసే పాత పద్ధతి వద్దు, ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) పోవచ్చు. ఆ తర్వాతి జనరేషన్, 1999 నుంచి వచ్చిన కార్లలో ఆల్టర్నేటర్‌ని ఈసీయూనే కంట్రోల్ చేస్తుంది, కాబట్టి అక్కడ ఛార్జింగ్ లేకపోతే ఆ వైర్లు కూడా చూడాలి.

అన్నీ బాగున్నా వారం ఆపితే బ్యాటరీ పడిపోతోందంటే ఏదో కరెంట్ లాగుతోంది. కీ తీసేసి, తలుపులన్నీ మూసి, నెగటివ్ కేబుల్ విప్పి మధ్యలో మీటర్‌ని 10 ఆంప్స్ సాకెట్‌లో కలపండి, అలా ఉండగా కీ తిప్పొద్దు. 50 మిల్లీఆంప్స్ దాటితే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ వెళ్లండి, ఏది తీస్తే తగ్గిందో ఆ సర్క్యూట్‌లో ఉంది. పాత ఓనర్ పెట్టించిన స్టీరియో, అలారం మీద ముందు కన్నేయండి, వాటిని నేరుగా బ్యాటరీకి కలిపి ఉంటే ఏ ఫ్యూజ్ తీసినా రీడింగ్ తగ్గదు, అప్పుడు డిక్కీలో బ్యాటరీ క్లాంపుకి అదనంగా తగిలించిన వైర్లు పట్టుకుని అవి ఎక్కడికి పోతున్నాయో చూడండి.