కళ్లజోడు కొనడం నేర్చుకుందాం – 3: పాపల దూరం, ఫ్రేమ్ కొలత

కిందటి పాఠంలో డాక్టరు చీటీలోని అంకెలు చదవడం నేర్చుకున్నాం. ఈసారి ఆ చీటీ పట్టుకుని షాపుకు వెళ్తాం, కానీ అద్దాల ధరలు ఇంకా అడగం. మైనస్ సైటు ఉన్నవాళ్లకు అద్దం ఎంత మందం వస్తుందన్నది చాలావరకు ఫ్రేమ్ దగ్గరే తేలిపోతుంది. పల్చటి అద్దాలకు డబ్బు పోసే ముందు రెండు కొలతలు తెలియాలి.

మొదటిది రెండు కంటిపాపల మధ్య దూరం. షాపులో దీన్ని పీడీ అంటారు. పెద్దవాళ్లలో ఎక్కువమందికి 54 నుంచి 74 మి.మీ. మధ్య ఉంటుంది. చీటీలో చాలాసార్లు రాయరు, అడిగి రాయించుకోండి. ఇంట్లో చూసుకోవాలంటే మి.మీ. గీతలున్న స్కేలు, తోడు ఒక మనిషి చాలు.

ఇద్దరూ 40 సెం.మీ. దూరంలో, కళ్లు ఒకే ఎత్తులో ఉండేలా ఎదురెదురుగా కూర్చోండి. కొలిచేవారు స్కేలును మీ ముక్కు మీద ఆనించి, తమ కుడికన్ను మూసుకుంటారు. మీరు వారి ఎడమకంటిని చూడాలి. అప్పుడు సున్నా గీతను మీ కుడిపాప నడిమికి సరిపెడతారు. స్కేలు కదపకుండా ఈసారి ఎడమకన్ను మూసి కుడికన్ను తెరుస్తారు. మీరు చూపు ఆ కంటికి మార్చాలి. మీ ఎడమపాప నడిమికి ఎదురుగా ఏ అంకె ఉంటే అదే మీ పీడీ. తల కదలకూడదు, కళ్లు మాత్రమే కదలాలి. మూడుసార్లు కొలవండి. 1 మి.మీ. తేడా వస్తే ఫర్వాలేదు, 3 వస్తే స్కేలు జారిందన్నమాట.

మన కళ్లతో ఒక చిక్కుంది. నల్లగుడ్డు ముదురు రంగులో ఉండటంతో మధ్యలోని పాప ఎక్కడ మొదలైందో సరిగా కనబడదు. అప్పుడు పాపను వదిలేసి, కుడికంటి నల్లగుడ్డు చెవివైపు అంచు నుంచి ఎడమకంటి నల్లగుడ్డు ముక్కువైపు అంచు దాకా కొలవండి. వచ్చేది అదే అంకె. తెల్లగుడ్డు పక్కన ఆ అంచు స్పష్టంగా ఉంటుంది కాబట్టి నిజానికి ఇదే సులువు. చదవడానికి మాత్రమే వాడే చత్వారపు జోడుకైతే ఇందులోంచి సుమారు 3 మి.మీ. తీసేయాలి, దగ్గరగా చూసేటప్పుడు కళ్లు లోపలికి తిరుగుతాయి గనక.

ఇక ఫ్రేమ్. కాడ లోపలివైపు 54□18–140 లాంటి అంకెలుంటాయి. 54 ఒక అద్దం వెడల్పు, 18 ముక్కు దగ్గర రెండు అద్దాల మధ్య ఖాళీ, 140 కాడ పొడవు, అన్నీ మి.మీ.లలో. మొదటి రెండూ కూడితే 72, అదే రెండు అద్దాల నడిమి బిందువుల మధ్య దూరం. మీ పీడీ 62 అనుకోండి. తేడా 10, అంటే కేంద్రం మీ పాపకు సరిగ్గా ఎదురుగా రావాలంటే ఒక్కో అద్దం కేంద్రాన్ని 5 మి.మీ. ముక్కువైపు జరిపి బిగించాలి. జరిపితే కేంద్రం నుంచి చెవివైపు అంచు ఆ మేరకు దూరమవుతుంది. మైనస్ అద్దం నడుమ పల్చగా, అంచుల్లో మందంగా ఉంటుంది కాబట్టి మందమంతా ఆ చెవివైపే పేరుకుంటుంది.

లెక్క వేసి చూద్దాం. సైటు −4.00, మామూలు ప్లాస్టిక్ అద్దం, నడుమ మందం 2 మి.మీ. పై ఫ్రేమ్‌లో చెవివైపు అంచు సుమారు 6 మి.మీ. వస్తుంది. అదే ఫ్రేమ్‌లో ఖరీదు పెట్టి 1.60 అద్దం (ఈ అంకె కాంతిని వంచే గుణకం, ఎక్కువైతే అద్దం పల్చనవుతుంది) వేయిస్తే 5.4 దాకా దిగుతుంది. ఫ్రేమ్ మార్చి 48□18 తీసుకుంటే, మామూలు అద్దంతోనే 4.7! పెద్ద పెద్ద ఫ్రేములు ఫ్యాషనే కావచ్చు, −4 దాటినవాళ్లకు మాత్రం అవి ఖర్చుతో కూడిన సరదా.

కేంద్రం జరపడం షాపువాడు మరిచిపోతే? ఎంత సెం.మీ. తప్పిందో దాన్ని పవరుతో గుణించండి: 0.5 × 4 = 2. ఒక్కో కంటికి 2 ప్రిజమ్ డయాప్టర్లు (అద్దం చూపును ఎంత పక్కకు మళ్లిస్తుందో చెప్పే కొలత), రెండూ కలిపి 4. వస్తువు ఒకటిగా కనబడాలంటే కళ్లు బయటివైపు తిరగాలి, ఆ పనిలో కళ్లకు బలం తక్కువ. సాయంత్రానికి తలనొప్పి, అక్షరాలు విడిపోయినట్టు ఉండటం అందువల్లే. ‘కొత్త జోడు కదా, వారంలో అలవాటవుతుంది’ అంటే ఒప్పుకోకండి. లెన్సోమీటరు (అద్దం పవరు కొలిచే యంత్రం) మీద పెట్టి రెండు కేంద్రాలకూ సిరాచుక్క పెట్టమనండి, ఆ చుక్కల మధ్య దూరం మీ స్కేలుతో కొలవండి. 62 రావాలి.

పెట్టుకుని చూసేటప్పుడు నవ్వండి, ఫ్రేమ్ బుగ్గల మీద నుంచి పైకి లేవకూడదు. తల వంచి ఊపండి, జారకూడదు. చెమట పట్టే ముక్కుకు వంచడానికి వీలున్న నోస్ ప్యాడ్లే మేలు. జారితే చిరాకు ఒక్కటే కాదు: −8.00 అద్దం 4 మి.మీ. ముందుకు జారితే సుమారు 0.25 పవరు తగ్గినట్టే. ప్రోగ్రెసివ్ అద్దాలు (పైన దూరానికి, కింద చదవడానికి ఒకే అద్దం) కావలసినవాళ్లు అద్దం ఎత్తు 30 మి.మీ.కు తక్కువున్న ఫ్రేమ్ జోలికి పోకపోవడం మంచిది. చదివే భాగం కోతలో పోతుంది.

అభ్యాసం: సైటు −6.00, పీడీ 60, ఫ్రేమ్ 50□20–140. ఒక్కో అద్దం ఎంత జరపాలి? జరపకపోతే ఒక్కో కంటికి ఎన్ని ప్రిజమ్‌లు? మీ ఇంట్లో ఉన్న ప్రతి జోడు కాడ మీది అంకెలూ రాసి ఉంచండి, వచ్చే పాఠంలో 1.50, 1.60, 1.67 అద్దాల్లో ఏది ఎవరికో వాటితోనే తేలుద్దాం.