మన వ్యాను మనమే – 5వ పాఠం: అద్దాలకు సన్‌షేడ్

మామూలు వ్యానును ట్రిప్పుల్లో పడుకునే బండిగా మనమే మార్చుకుంటున్నాం కదా, పోయిన పాఠంలో వెనక మంచం బిగించాం. వ్యాను ఎండలో ఉండగా, మే నెల మధ్యాహ్నం ఒంటి గంటకు ఆ మంచం మీద ఐదు నిమిషాలు పడుకుని చూడండి. ఈ పాఠం ఎందుకో నేను వేరే చెప్పక్కర్లేదు.

హైదరాబాద్‌లో ఎండాకాలం 40 డిగ్రీలు దాటడం మామూలే. తలుపులు మూసిన వ్యానులో అంతకంటే చాలా ఎక్కువ ఉంటుంది. ఇదంతా అద్దాల పని. ఎండ వెలుతురు అద్దంలోంచి దర్జాగా లోపలికి వస్తుంది. డాష్‌బోర్డు, సీట్లు దాన్ని పీల్చుకుని వేడెక్కి, ఆ వేడిని కంటికి కనపడని కిరణాలుగా వదులుతాయి. వాటిని మాత్రం అద్దం తిరిగి బయటికి పోనివ్వదు. లోపల కాగిన గాలికీ పోయే దారి ఉండదు. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు మీద సుమారు 1000 వాట్లు పడుతుంది. అంటే ఇంట్లో ఇస్త్రీ పెట్టె అంత. టెంపో ట్రావెలర్ ముందు అద్దం చదరపు మీటరు పైమాటే. వాలుగా ఉన్నందుకు కొంత, తళుక్కున తిరిగి పోయేది కొంత తీసేసినా, ఇస్త్రీ పెట్టె ఆన్ చేసి డ్రైవర్ సీటు మీద పెట్టి వెళ్ళినట్టే.

కాబట్టి వెలుతురును డాష్‌బోర్డు మీద పడకముందే వెనక్కి కొట్టాలి. అసలైతే అద్దానికి బయట కప్పడమే మేలు, వేడి లోపలికే రాదు. కానీ గాలికి ఎగురుతుంది, రాత్రి ఎవరైనా పట్టుకుపోతారు. అందుకే లోపలి వైపు షేడ్ చేసుకుంటున్నాం. ఒకే చోట రెండు మూడు రోజులు ఆగే పని ఉంటే, నర్సరీల మీద వేసే గ్రీన్ నెట్ ఒక ముక్క ముందు అద్దం మీద బయట కూడా కట్టండి. 75 శాతం నీడ ఇచ్చే రకం చాలు.

నల్ల ఫిల్మ్ అంటించేస్తే పోయేది కదా అని అడగబోతున్నారు. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలని 1989 నాటి మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. నల్ల ఫిల్ములు కుదరవని 2012లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మనం చేసేది బండి ఆపాక పెట్టుకుని, కదిలే ముందు తీసేసేది. చలానా టెన్షన్ లేదు.

ఇక సామాను. షాపులో ‘రిఫ్లెక్టివ్ ఇన్సులేషన్’ అంటే ఒక్కొక్కరు ఒక్కోటి చూపిస్తారు. ‘రేకుల షెడ్డు కింద వేసే సిల్వర్ షీటు’ అనండి, వెంటనే అర్థమవుతుంది. రాణిగంజ్‌లో చూడండి. అందులో రెండు రకాలు. ఒకటి బబుల్ షీటు, లోపల గాలి బుడగలు, రెండు వైపులా వెండి పూత. తేలిక, చుట్ట చుట్టుకోవచ్చు. రెండోది ఫోమ్ షీటు, అంతకంటే మందం, నిటారుగా నిలుస్తుంది. ముందు అద్దానికి బబుల్, పక్క అద్దాలకు 8 లేదా 10 మిల్లీమీటర్ల ఫోమ్ నా ఓటు. థర్మోకోల్ జోలికి మాత్రం పోకండి. రెండో ట్రిప్పుకే తెల్ల పొట్టు పప్పులో కూడా కనిపిస్తుంది.

లోపలి వైపు అంటించడానికి నల్ల కాటన్ గుడ్డ, అంచుకు పట్టీ, గట్టి దారం, ఫెవికాల్ ఎస్ఆర్ రకం రబ్బరు గమ్ కావాలి. గుడ్డ, పట్టీ సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో ఒక్క చక్కరులో అయిపోతాయి.

ఆది లేనిదే కత్తెర పట్టొద్దు

ఇప్పుడు అసలు పాఠం. టేపు పెట్టి అద్దం పొడవు, వెడల్పు కొలిచి షీటు కోస్తే ఏ మూలా సరిపోదు. అద్దానికి నిజమైన నాలుగు మూలలు ఉండవు, పైఅంచు కొద్దిగా వంపు, కింది అంచు ఇంకో రకం వంపు. జాకెట్టు కుట్టించుకోవడానికి వెళ్ళి ఎవరూ అంకెలు చెప్పరు కదా, ఆది జాకెట్టు ఇస్తారు. అద్దానికి కూడా ఆది కావాలి, కాగితంతో.

న్యూస్‌పేపర్ వద్దు, చిరుగుతుంది, సాగుతుంది. పుస్తకాలకు అట్టలేసే బ్రౌన్ పేపర్ గానీ పాత క్యాలెండర్ షీట్లు గానీ మంచివి. అద్దం తుడిచి, ఉదయం తొమ్మిదిలోపు మొదలుపెట్టండి. ఆ తర్వాత లోపల కూర్చుంటే చెమట కాగితం మీద పడుతుంది.

కాగితాన్ని అద్దం మీద నిలబెట్టడమే మొదటి చిక్కు. అంచుల్లో టేపు వేస్తే మనకు కావలసిన అంచే కప్పబడిపోతుంది. అందుకని కాగితం మధ్యలో రూపాయి బిళ్ళంత కన్నాలు నాలుగైదు కోయండి. కన్నం మీద నుంచి మాస్కింగ్ టేపు వేస్తే అది కాగితానికీ, కన్నంలోంచి అద్దానికీ ఒకేసారి అంటుకుంటుంది. కాగితం కదలదు, అంచులు ఖాళీగా ఉంటాయి. ముందు అద్దం వంపుకు ఒకే పెద్ద కాగితం వేస్తే ముడతలు పడుతుంది. జానెడు వెడల్పు ముక్కలను నిలువుగా, పక్కపక్కన, ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా పెట్టి కలిపి అంటించండి.

ఇప్పుడు పాత ఏటీఎం కార్డు అంచుతో కాగితాన్ని అద్దం చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్ గాడిలోకి నొక్కుతూ రండి. గీత పడుతుంది. పెన్సిల్‌ను పడుకోబెట్టి ఆ గీత మీద రుద్దండి. చిన్నప్పుడు కాగితం కింద రూపాయి బిళ్ళ పెట్టి బొమ్మ రప్పించేవాళ్ళం కదా, అచ్చం అదే. అంచు నల్లగా తేలుతుంది. తొందరపడి చూపుడువేలితో నొక్కకండి. వేలు లావు, గాడి సన్నం, గీత లోపలికి జరిగిపోతుంది.

కాగితం ఊడదీసే ముందే, అద్దం మీద ఉండగానే, దాని మీద రాయండి: ‘పైన’, ‘లోపలి వైపు’, ‘డ్రైవర్ వైపు మధ్య కిటికీ’. ఇది తర్వాత రాద్దాంలే అనుకున్నవాడి కథ ఇది. నేనే ఆ వాడిని. వెనక కిటికీలు రెండూ ఒకటే కదా అని డ్రైవర్ వైపు మాత్రమే ఆది తీశాను. దాన్నే పెట్టి రెండు ముక్కలు కోసి, రెండింటికీ ఒకే వైపు నల్ల గుడ్డ అంటించేశాను. క్లీనర్ వైపు పెట్టబోతే వంపు ముందు నుంచి వెనక్కి పోయింది. తిప్పి పెడితే వంపు కుదిరింది గానీ నల్ల గుడ్డ బయటికి, వెండి మా మొహాల మీదికి! మిషన్ మీద అంచు కుట్టించడానికి తీసుకెళ్తే మా వీధి చివర టైలర్ అక్క ఒక్కసారి చూసి, “ఏంది తమ్మీ, రెండూ ఎడమ చెయ్యే కోసినవ్?” అంది. జాకెట్టు చేతులు కోసేవాళ్ళకు అలవాటైన సంగతే. ఒక ఆదిని ఒకసారి మామూలుగా, ఒకసారి బోర్లించి గీయాలి. అయినా రెండు వైపులా విడివిడిగా ఆది తీయడమే నా సలహా. పాత బండ్లలో బాడీ రిపేరు చేసి అద్దం మార్చి ఉంటారు, రెండు వైపులూ అచ్చు ఒకేలా ఉంటాయని గ్యారంటీ లేదు.

కాగితాన్ని కోసి మళ్ళీ అద్దం మీద పెట్టి చూడండి. తక్కువైన చోట టేపుతో ఇంకో ముక్క అతికించి మళ్ళీ గీయండి. మూడుసార్లు చేయాల్సి వచ్చినా విసుక్కోవద్దు, పోయేది కాగితమే. ముందు అద్దానికి మధ్యలో రియర్ వ్యూ మిర్రర్ కాడ వస్తుంది. దాని దగ్గర గాడి కోసేకంటే షేడ్‌ను మధ్యకు రెండు ముక్కలుగా చేసి, మధ్యలో మూడు వేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కేలా పెట్టుకుంటే పెట్టడం, తీయడం తేలిక.

కోత, కుట్టు

ఆదిని షీటు మీద పెట్టి స్కెచ్ పెన్‌తో గీయండి. ఫోమ్ అయితే గీతకు 5 మిల్లీమీటర్లు బయటగా కోయండి. బీడింగ్‌లోకి బిగుతుగా దిగేది ఆ ఎక్కువ వల్లే. ఎక్కువైతే తర్వాత గోరంత తీసేయొచ్చు, తక్కువైతే చేసేదేమీ లేదు. ఫోమ్‌ను కొత్త బ్లేడు పెట్టిన కట్టర్‌తో, చేతిని ఎత్తకుండా ఒకే లాగులో కోయాలి. బబుల్‌కు పెద్ద కత్తెర చాలు.

గమ్‌ను గుడ్డకూ షీటుకూ రెండింటికీ పల్చగా పూసి, వేలికి అంటనంత ఆరాక కలపాలి. తడిగా ఉండగా కలిపితే గుడ్డలోంచి ఊరి పసుపు మచ్చలు పడతాయి. ఈ పని బాల్కనీలోనో మేడ మీదో చేయండి, వ్యాను లోపల వద్దు. ఆ వాసన తలనొప్పి, పైగా మంట అంటుకునే సరుకు.

అంచు పట్టీకి నేరుగా కోసిన పట్టీ వాడితే మూలల్లో కుచ్చులు వస్తాయి. జాకెట్టు మెడకు వేసే క్రాస్ పట్టీ అడగండి, ఏటవాలుగా కోసినది కాబట్టి వంపు తిరిగేచోట సాగుతుంది. ఇంటి మిషన్ మీద 16వ నంబరు సూది వేసి, కుట్టు పొడవు పెంచి, నెమ్మదిగా తొక్కితే కుట్టు పడుతుంది. వెండి పూత ప్రెస్సర్ ఫుట్‌కు (సూది దగ్గర గుడ్డను అదిమి పట్టే పాదానికి) అతుక్కుని ముందుకు జరక్కపోతే మీద సన్న కాగితం ఒకటి వేసి కుట్టి, తర్వాత చింపేయండి. 10 మిల్లీమీటర్ల ఫోమ్‌ను ఇంటి మిషన్ చాలావరకు మింగదు. దాన్ని సీట్ కవర్లు కుట్టేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళడంలో నామోషీ ఏమీ లేదు. ఒక్క మాట: మొదట ఒక కిటికీ మాత్రమే పూర్తిగా కుట్టి పెట్టి చూడండి. పట్టీ మందం వల్ల అంచు కొద్దిగా లావవుతుంది, అది చూశాకే మిగతావి కోయండి.

నిలబెట్టడం

పక్క అద్దాల ఫోమ్ షేడ్‌లు బిగుతుకే నిలుస్తాయి. ముందు అద్దం బబుల్ షేడ్‌ను డాష్‌బోర్డు మీద ఆనించి, పైన సన్ వైజర్లు దించితే పట్టుకుంటాయి. జారే చోట అయస్కాంతాలు వాడొచ్చు. ముందు ఫ్రిజ్ మీది బొమ్మ తెచ్చి అద్దం చుట్టూ తాకించండి. అతుక్కుంటే కింద ఇనుము ఉన్నట్టు, జారిపడితే ప్లాస్టిక్ కప్పు ఉన్నట్టు. రూపాయి బిళ్ళల్లాంటి నాలుగు నియోడిమియం (చాలా బలమైన రకం) అయస్కాంతాలను గుడ్డకూ షీటుకూ మధ్య చిన్న జేబుల్లో కుట్టేయండి. వాటిలో మామూలు రకాలు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతాయి. అందుకని డాష్‌బోర్డుకు ఆనే కింది అంచున కాకుండా పైఅంచున పెట్టండి. చిన్న పిల్లలుంటే జేబు కుట్టు రెండుసార్లు వేయండి, ఊడిన అయస్కాంతాలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

సక్షన్ కప్పులంటే నాకు పడదు. సాయంత్రం గట్టిగా పట్టుకుంటాయి, అర్ధరాత్రి అద్దం చల్లబడ్డాక టప్‌మని ఊడి మొహం మీద పడతాయి. ఇప్పటికే కొన్నవి ఉంటే వేడినీళ్ళలో కాసేపు వేసి తీయండి, వంకరపోయిన అంచు సరి అవుతుంది. ఫాస్టాగ్ స్టిక్కర్ మీద మాత్రం అతికించకండి.

పరీక్ష రెండుసార్లు. మిట్టమధ్యాహ్నం లోపల కూర్చుంటే వెలుతురు చారలు ఎక్కడ పడుతున్నాయో కనిపిస్తాయి. రాత్రి లోపల లైటు వేసి, ఒకరు బయట చుట్టూ తిరిగితే మిగిలిన సందులు తెలుస్తాయి. సందు ఉన్నచోట అదే షీటు సన్న పేలిక ఒకటి అంచు వెనక అంటించండి. మూడు జాగ్రత్తలు. షేడ్‌లన్నీ పెట్టుకున్నాక గ్యాస్ స్టవ్ వెలిగించకండి, విషవాయువు పేరుకుంటుంది. పడుకునేటప్పుడు ఒక కిటికీ రెండు వేళ్ళు తెరిచి ఉంచండి. షేడ్ ఉంది కదా అని పిల్లల్ని, కుక్కను ఎండలో లోపల వదిలి వెళ్ళకండి. వేడి తగ్గుతుంది గానీ పోదు.

వానాకాలం అనంతగిరిలో రాత్రి ఆగితే తెల్లవారేసరికి అద్దానికీ షేడ్‌కూ మధ్య తేమ చేరుతుంది. తుడిచి ఆరబెట్టాకే చుట్టండి, లేకపోతే వారంలో బూజు వాసన. చుట్టేటప్పుడు వెండి పూత లోపలికి వెళ్ళేలా చుట్టండి, గీతలు పడవు.

ఈ వారం ఒక్క కిటికీకి ఆది తీసి ఉంచండి. ఆ కాగితం పారేయకండి, వచ్చే పాఠంలో అదే కిటికీకి దోమతెర కోస్తాం.