పెద్ద రంధ్రాలకు హోల్ సా: ఏది కొనాలి, ఎలా కోయాలి

డ్రిల్లుకు బిగించి పెద్ద గుండ్రటి రంధ్రం కోసే, అంచున పళ్లున్న గిన్నె లాంటి రంపమే హోల్ సా. పైపు సైజు చూసి దాన్ని కొంటే దెబ్బతింటారు. ఒక అంగుళం బీఎస్‌పీ (పైపు ఫిట్టింగులకు వాడే ప్రామాణిక మర) మరకు బయటి కొలత 25 కాదు, 33.25 మి.మీ. ఫిట్టింగును వెర్నియర్‌తో కొలిచి, ఒకటి రెండు మి.మీ. పెద్దది తీసుకోండి. సింకు మీద బిగించే సింగిల్ లీవర్ మిక్సర్లకు మామూలుగా 35 మి.మీ. రంధ్రం కావాలి.

చెక్కకీ, ప్లాస్టిక్ ట్యాంకుకీ, ఇనుప రేకుకీ బై-మెటల్ సా (రెండు రకాల స్టీలు కలిపి చేసింది) ఒక్కటే చాలు. స్టీలు సింకులు తరచూ కోసేవాళ్లకు కార్బైడ్ పళ్లది మేలు. గ్రానైట్ మీద మాత్రం ఈ రెండూ పెట్టకండి. దానికి డైమండ్ కోర్ బిట్, కోసినంతసేపూ నీళ్లు ఉండాలి.

32 మి.మీ., ఆపై సైజులకు వాడే ఆర్బర్‌కు (సాను డ్రిల్లుకు కలిపే ఇరుసు) సాధారణంగా రెండు పిన్నులుంటాయి. సాను మర చివరిదాకా ఎక్కించి, పిన్నులు బెజ్జాల్లో కూర్చునేదాకా కాస్త వెనక్కి తిప్పండి. లోడు పిన్నుల మీదే పడాలి. మర మీద పడితే పనయ్యాక పైపు రెంచి వేసినా ఊడిరాదు.

పళ్లు పాడయ్యేది ఎక్కువగా స్పీడు వల్లే. మామూలు ఇనుముకు 25 మి.మీ. సా అయితే 350 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు), 38కి 230, 51కి 170, 76కి 115. స్టెయిన్‌లెస్‌కు అందులో సగమే. 2800 తిరిగే డ్రిల్లుతో సింకు కోస్తే నిమిషంలో పళ్లు నీలం తిరుగుతాయి, ఇక ఆ సా చెత్తబుట్టకే.

సింకుకు 35 మి.మీ. రంధ్రం ఇలా వేయండి. గుర్తు మీద సెంటర్ పంచ్ కొట్టి, కింద చెక్కముక్క ఆనించి క్లాంపు వేయండి. డ్రిల్లులో హ్యామర్ (కొడుతూ తిరిగే పద్ధతి) ఆపి, గేరు 1లో పెట్టి, సైడు హ్యాండిల్ బిగించండి. గ్లవ్స్ తీసేయండి, కళ్లద్దాలు పెట్టుకోండి. 125 ఆర్‌పీఎం దగ్గర, కటింగ్ ఆయిల్ వేస్తూ, ఒకే ఒత్తిడితో నొక్కండి. తేలిగ్గా ఆనిస్తే పళ్లు కోయకుండా రుద్దుతాయి, రుద్దిన చోట స్టీలు ఇంకా గట్టిపడుతుంది. తెగబోయే ముందు మాత్రం ఒత్తిడి తగ్గించండి. పళ్లు రేకును పట్టేసి మణికట్టు మెలితిరిగేది అక్కడే. అంచు ఆకురాయితో నున్నగా చేయండి.

మందపు చెక్కలో పొట్టు బయటికి పోక సా కాలిపోతుంది. కోత గీత మీద, లోపలి వైపుకి, ముందే ఒక 10 మి.మీ. బెజ్జం వేస్తే పొట్టు అందులోంచి రాలిపోతుంది. పైలట్ బిట్ (సా మధ్యలో ముందుకు పొడుచుకొచ్చే సన్న బిట్) మొన అవతల కనిపించగానే ఆపి, రెండోవైపు నుంచి కోయండి, అంచు పెచ్చులు లేవదు. సాలో ఇరుక్కున్న బిళ్లను దాని పక్క సందుల్లోంచి స్క్రూడ్రైవర్‌తో నెట్టండి.

ఉన్న రంధ్రాన్ని పెద్దది చేయాలంటే పైలట్‌కు ఆధారం ఉండదు. కావలసిన సైజు రంధ్రం ముందు ప్లైవుడ్ ముక్కలో కోసి, దాన్ని పైన క్లాంపు వేసి, పైలట్ తీసేసి ఆ రంధ్రంలోంచే కోయండి.