పప్పుల పురుగు ఏ ప్రజాతిదో గుర్తించడం ఎలా?

పెసల డబ్బాలో పాకే పురుగూ, చింతగింజను తొలిచే పురుగూ చూపుకు ఒకలాగే ఉన్నా ఒకే ప్రజాతివి (దగ్గరి జాతుల గుంపుకు చెందినవి) కావు. రెండూ ఆకు పెంకు పురుగుల కుటుంబంలోని బ్రూకినే ఉపకుటుంబానికి చెందినవే. వీటిని రంగును బట్టి విడదీయబోతే పొరబడతాం. ఒకే డబ్బాలో లేత గోధుమరంగువీ, నల్లమచ్చలవీ కలిసే ఉంటాయి. నమ్మదగిన గుర్తు వెనుక కాలి తొడ.

ముందుగా పురుగులను చిన్న సీసాలో వేసి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచాలి. మర్నాడు తెల్లకాగితం మీద పరచి, పదింతలు పెద్దదిగా చూపే భూతద్దంతో పరీక్షించాలి. రెక్క పెంకులు పొట్ట చివరిదాకా కప్పకుండా, తల ముందు పొడవాటి ముక్కు లేకుండా ఉంటేనే అది బ్రూకినే. ముక్కు ఉంటే బియ్యం పురుగు కావచ్చు, దాన్ని పక్కన పెట్టేయండి.

తర్వాత సూదిమొనతో వెనుక కాలిని మొదలంటా ఊడదీసి, తొడ అడుగు అంచు పైకి వచ్చేలా తిప్పండి. ఓపిక కావలసింది ఇక్కడే, ఎందుకంటే ఒకవైపు నుంచే చూస్తే అంచుకు అవతలి పక్కనున్న పన్ను (పంటిలా పొడుచుకొచ్చిన మొన) కనిపించదు. ఆ అంచున కాలువ లాంటి పల్లం, దానికి రెండు పక్కలా గట్లు, ఒక్కో గట్టుపై మోకాలి దగ్గర ఒక్కో పన్ను కనిపిస్తే అది కాలోసోబ్రూకస్. పెసలు, మినుములు, అలసందలను పుచ్చబెట్టేది ఇదే. లోపలి అంచున ఒక పెద్ద పన్ను, దాని వెంట రెండు మూడు చిన్నవి ఉంటే రాజ్మా గింజల్లో దొరికే అకాంతోసెలిడెస్. తొడ బాగా ఉబ్బి, ఒక పెద్ద పన్ను తర్వాత దువ్వెన పళ్ళలా చిన్నవి వరుసగా ఉండి, దాని కింది కాలిభాగం విల్లులా వంగి ఉంటే కారియెడాన్. వేరుశనగలోనూ చింతపండులోనూ కనిపించే ఈ పురుగు మిగతావాటికన్నా పెద్దది. తొడకు పన్నే లేకుండా, కింది కాలిభాగం చివర కదిలే ముళ్ళు రెండుంటే జాబ్రోటెస్.

మీసాలు దువ్వెనలా ఉన్నాయని వేరే ప్రజాతిగా లెక్కకట్టవద్దు. కాలోసోబ్రూకస్ చైనెన్సిస్ అనే జాతిలో మగవాటి మీసాలు అలాగే ఉంటాయి.

కాలు విరిగిపోయి సందేహం మిగిలితే గింజను చూడండి. కాలోసోబ్రూకస్ గుడ్లు గింజపై తెల్లని చుక్కల్లా అంటుకుని ఉంటాయి, అకాంతోసెలిడెస్ గుడ్లు అంటుకోకుండా గింజల మధ్య విడిగా పడి ఉంటాయి, వేరుశనగ కాయపై కాగితంలాంటి గూడు అతుక్కుని ఉంటే అది కారియెడాన్ కట్టుకున్నదే.