తోటలోని చెరువు కట్టను కాపాడుకోవడం ఎలా?

తాడికొండ, మంగళగిరి, అమరావతి చుట్టుపక్కల తోటల్లో పడవ నడపడానికో, గాలం వేయడానికో మట్టికట్ట పోసి చిన్న చెరువు కట్టుకునేవారు ఉన్నారు. 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లు దాటిన ఆనకట్టలకు, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల వాటికి వర్తిస్తుంది. మూడు మీటర్ల కట్టను కనిపెట్టుకుని ఉండవలసింది యజమానే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగుకు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగినప్పుడు, మట్టికట్ట తెగితే ఏమవుతుందో విజయవాడ అంతా చూసింది.

మొదటి పని వానలకు ముందే, మే నెలలో చేయాలి. నల్లరేగడి ఎండకు నెర్రెలు బారుతుంది. వాటిని పైపైన పూడ్చితే తొలి వానకే నీరు లోపలికి దిగుతుంది. నెర్రె వెంట తవ్వి, తడిపిన మట్టిని జానెడు మించని పొరలుగా వేసి దిమ్మిస కొట్టండి. తాపీమేస్త్రీల నీటి గొట్టంతో కట్ట పైమట్టం చూసి, కుంగిన చోట ఎత్తు చేయండి.

తర్వాత అలుగు, అంటే చెరువు నిండాక మిగులు నీరు బయటికి పొర్లిపోయే దారి. నేను అన్నిటికంటే ఎక్కువ భయపడేది దీని గురించే. చేపలు పోకుండా అలుగుకు సన్నకళ్ల వల కడతారు, పడవలకు నీరు చాలదని ఇసుక బస్తాలు పేరుస్తారు. దయచేసి రెండూ చేయకండి. వరదకు కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క, కొమ్మలు వలకు పట్టేస్తే నీరు కట్ట మీదుగా పొర్లుతుంది. ఆ ప్రవాహం బయటి వాలును కోసుకుంటూ పోతే కట్ట కొన్ని గంటల్లోనే తెగిపోవచ్చు. అలుగు నిండుగా పారేటప్పుడు కూడా నీటికీ కట్ట పైభాగానికీ మధ్య అర మీటరు ఎడం మిగలాలి.

కట్ట మీద సర్కారు తుమ్మను మొక్కగా ఉన్నప్పుడే పీకేయండి. గరిక ఉండనివ్వండి. పందికొక్కుల బొరియలు తవ్వి పూడ్చండి. పడవల అలలు తగిలే లోపలి వాలుకు రాళ్లు పరవండి.

వానాకాలంలో వారానికోసారి, పెద్ద వాన పడ్డాక తప్పకుండా కట్ట బయటి అడుగున నడవండి. ఊట కనిపిస్తే అక్కడ కర్ర పాతి, బిందె ఎంతసేపట్లో నిండుతుందో రాసుకోండి. ఊట తేటగా, ఎప్పటిలాగే ఉంటే గమనిస్తూ ఉంటే చాలు. పెరుగుతుంటే ఇంజనీరుకు చూపించండి.

నీరు బురదగా వస్తే కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతోందని అర్థం. బయటి నుంచి బంకమట్టి కుక్కి ఆపాలని చూడకండి. దారి మూసిన నీరు మరోచోట పొడుచుకు వస్తుంది. ఊట మీద ముందు ఇసుక, దానిపై కంకర, ఆపైన రాళ్లు వేస్తే నీరు వస్తుంది, మట్టి నిలుస్తుంది. తూము తెరిచి నీటిమట్టం తగ్గించండి. మామూలు రోజుల్లో మాత్రం చెరువును ఒక్కసారిగా ఖాళీ చేయకూడదు, తడిసిన లోపలి వాలు జారిపోతుంది.

బురద ఊట కనిపించగానే, కట్ట తెగుతుందో లేదో తేలేదాకా ఆగకుండా దిగువ ఇళ్లవారికి చెప్పండి, నీటిపారుదల ఇంజనీరుకు కబురు పంపండి. ఈ ఫోను నంబర్లన్నీ కాపలాదారు గది గోడ మీద వానాకాలానికి ముందే రాసి ఉంచండి.