విశాఖలో ఇంట్లోనే ఉండే పెద్దలకు కేస్ కోఆర్డినేటర్: పని ఎలా చేయాలి

పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటారు. అమ్మానాన్నలు ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌లోనో, గాజువాకలో సొంతింట్లోనో ఉంటారు. గుండెకి ఒక డాక్టరు, షుగరుకి ఇంకో డాక్టరు, పగటిపూట ఒక అటెండెంట్, మందుల షాపు అబ్బాయి, ఎదురింటివాళ్లు. అందరూ తమ వంతు చేస్తూనే ఉంటారు, కాకపోతే ఒకరు చేసింది మరొకరికి తెలియదు. పెద్దవాళ్లు ఆసుపత్రి పాలయ్యేది చాలాసార్లు అక్కడే. ఆ సందుల్ని పూడ్చడమే కోఆర్డినేటర్ పని.

మొదటిసారి ఉదయం పది గంటల ప్రాంతంలో, గంటన్నర తీరిక చూసుకుని వెళ్లండి. టిఫిను, పొద్దుటి మాత్రలు అయి ఉంటాయి, మనిషికి ఓపిక ఉంటుంది. డబ్బు కట్టేది కొడుకే అయినా మీరు పనిచేసేది ఆ పెద్దావిడ కోసం. కొడుకు ఫోన్లో చెప్పిన జాబితా పక్కన పెట్టి "అమ్మగారూ, మీకు ఏది కష్టంగా ఉంటోంది?" అని ముందు ఆవిడనే అడగండి. తన ఆరోగ్య సంగతులు ఎవరెవరికి చెప్పవచ్చో ఆవిడ మాటల్లోనే రాసి సంతకం తీసుకోండి. తెలివిగా ఉన్న మనిషి వాకర్ వద్దంటే ప్రమాదం వివరించి, ఆ మాట ఫైల్లో రాసి, రెండు వారాల తర్వాత మళ్లీ అడగాలి. కొడుకు చేత తిట్టించకూడదు.

"బానే ఉన్నానమ్మా" అన్న జవాబుతో ఏమీ తేలదు. నిన్న రాత్రి ఏం తిన్నారు, రాత్రి ఎన్నిసార్లు బాత్రూమ్‌కి లేచారు, విరేచనం ఎప్పుడైంది, చివరిసారి ఎప్పుడు తూలారు అని విడివిడిగా అడగండి. స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం మీంచి కుర్చీకి మారడం, మలమూత్రాలు ఆపుకోవడం, తినడం: ఈ ఆరింటిలో సాయం లేకుండా చేసుకునేవి ఏవో రాసుకోండి. తర్వాత కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోమనండి. పన్నెండు సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ప్రమాదం ఉందని లెక్క. బీపీ ఐదు నిమిషాలు పడుకోబెట్టాక ఒకసారి, లేచి నిలబడిన ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్లీ చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే ఆ రోజే డాక్టరుకి చెప్పండి. అర్ధరాత్రి బాత్రూమ్ గడప దగ్గర పడిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

ఇక మందులు. సగం పని ఇక్కడే ఉంది. చీటీలు చూసి జాబితా రాయకండి. ఫ్రిజ్ మీద డబ్బా, దిండు కింద స్ట్రిప్పు, దేవుడి గది అలమర, ఆయుర్వేదం సీసాలతో సహా ఇంట్లో ఉన్న మందులన్నీ మంచం మీద పోయించండి. ప్రతి స్ట్రిప్పు మీదా బ్రాండు పేరు పెద్దగా, అసలు మందు పేరు చిన్నగా ఉంటుంది. ఆ చిన్న అక్షరాలే చదవాలి. ఇద్దరు డాక్టర్లు వేర్వేరు బ్రాండ్లు రాస్తే టెల్మిసార్టాన్ అనే ఒకే బీపీ మందు పూటకి రెండు పడుతుంటుంది, ఎవరూ గమనించరు. చాలా బీపీ మాత్రల్లో పేరు చివర హెచ్ ఉంటే నీరు తీసే మందు కూడా కలిసి ఉన్నట్టు. విశాఖ ఉక్కపోతలో చెమట పట్టి, అన్నం తగ్గితే ఆ మందు వల్ల ఒంట్లో సోడియం పడిపోయి మనిషి అయోమయంగా మాట్లాడొచ్చు. హఠాత్తుగా వచ్చిన తికమకని "వయసు కదా" అని వదిలేయకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, షుగరు పడిపోవడం, సోడియం తగ్గడం: ఈ మూడూ పరీక్ష చేయించాలి. మోకాళ్ల నొప్పికి షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్, నిద్రకి ఎప్పుడో రాసిన ఆల్ప్రజోలామ్ కనబడితే జాబితాలో ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టండి. ఏదీ మీరుగా ఆపించకూడదు. ఆ కాగితం డాక్టరు ముందు పెట్టడమే మీ వంతు.

కార్తీక సోమవారాలు, ఏకాదశులు ముందే క్యాలెండరులో రాసుకోండి. గ్లిమిపిరైడ్ అనే షుగరు మాత్ర మింగి, ఉపవాసం ఉంటే మధ్యాహ్నానికి షుగరు పడిపోతుంది. ఉపవాసం మానమని వాదించకుండా, ఆ రోజు మందు ఎలా వేసుకోవాలో వారం ముందే డాక్టరు చేత రాయించండి. మీటరులో 70 కన్నా తక్కువ చూపిస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకి మళ్లీ చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

డిశ్చార్జ్ అయిన మొదటి మూడు రోజులూ చాలా జాగ్రత్తగా ఉండాలి. ఆసుపత్రి ఇచ్చే డిశ్చార్జ్ సమ్మరీలో "పాత మందులు కొనసాగించాలి" అని ఉంటే ఒప్పుకోకండి, ఏవో పేరు పేరునా రాయించండి. కాథెటర్ (మూత్రం గొట్టం) వేసిన తేదీ, మార్చాల్సిన తేదీ, ఇంజెక్షన్ చివరి డోసు ఎప్పుడు ఇచ్చారు, ఏం కనబడితే వెనక్కి తీసుకురావాలి: ఇవన్నీ వార్డు వదలక ముందే అడగాలి. ఇంటికొచ్చిన సాయంత్రమే ఆగిపోయిన మందుల స్ట్రిప్పులు వేరే కవర్లో కట్టేయండి. లేకపోతే అటెండెంట్ అలవాటుగా వాటినే ఇస్తుంది.

ఫైలు మొదటి పేజీలో ల్యాండ్‌మార్కుతో చిరునామా ఉండాలి. ఆరిలోవ వైపు కొండవాలు ఇళ్లయితే 108 వాహనం ఎక్కడ ఆగుతుందో, అక్కడినుంచి ఎన్ని మెట్లో, కుర్చీలో మోసి దించే ఇద్దరి నంబర్లేవో కూడా ఉండాలి. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పక్షవాతం కావచ్చు; మనిషి చివరిసారి మామూలుగా కనిపించిన సమయం రాసి ఆసుపత్రిలో చెప్పండి. మెదడులో రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సాధారణంగా నాలుగున్నర గంటలే గడువు.

డబ్బు విషయంలో ఏటీఎం పిన్ తెలుసుకోవద్దు, చిల్లర ఖర్చుకి బిల్లులతో పుస్తకం పెట్టండి. పెన్షన్ ఆగకుండా ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్ నవంబరులో ఇవ్వాలి, 80 దాటిన కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు అక్టోబరు నుంచే ఇవ్వొచ్చు. వేళ్ల గీతలు అరిగి యంత్రం పట్టకపోతే ముఖం చూపించి ఫోన్లో చేయొచ్చు, పోస్ట్‌మాన్‌ని ఇంటికి పిలిపించవచ్చు. 70 నిండినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వైద్యానికి ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది. ఆసుపత్రి ఆ జాబితాలో ఉందో లేదో చేరకముందే అడగండి. ఇల్లు రాయమని ఎవరైనా ఒత్తిడి చేస్తుంటే మీరు మధ్యవర్తిత్వానికి దిగకండి. వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567, 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్ సంగతి చెప్పి, వెళ్తామంటే తోడు వెళ్లండి.

అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు నలుగురున్నా కబురు అందుకుని నిర్ణయం చెప్పేది ఒక్కరే అని మొదటి వారంలోనే తేల్చుకోండి. ఏం జరిగింది, మేం ఏం చేశాం, మీరు ఎప్పటిలోగా ఏం తేల్చాలి: ఆ కబురుకి ఈ మూడు వాక్యాలు చాలు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తగిలాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. అందుకే సెప్టెంబరు చివరికల్లా ప్రతి ఇంట్లో రెండు వారాల మందులు అదనంగా ఉండాలి. కరెంటు పోతే ఇన్సులిన్ సీసాని కవర్లో చుట్టి చిన్న మట్టి ముంతలో పెట్టి, ఆ ముంతని నీళ్లున్న కుండలో నిలబెట్టి నీడన ఉంచాలి. ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ (కరెంటుతో నడిచే ఆక్సిజన్ యంత్రం) మీద ఉన్నవారికి నిండు సిలిండర్ తెప్పించి, దాని వాల్వ్ తెరవడం అటెండెంట్ చేత మీ ముందే చేయించండి. లిఫ్టు మీద ఆధారపడే పై అంతస్తులవాళ్లని హెచ్చరిక వచ్చిన రోజే, గాలి మొదలవక ముందే, కింది ఇంటికి దించండి.