ఊరెళ్లి వచ్చేసరికి చేపలు చనిపోతున్నాయా? మేత సంగతి తర్వాత, ముందు ఫిల్టర్ చూడండి

సంక్రాంతికో వేసవి సెలవులకో బెంగళూరు నుంచి ఊరెళ్లిన మనవాళ్లు తిరిగొచ్చాక నాకు ఫోన్ చేసి చెప్పే మాట దాదాపు ఒకటే. "తలుపు తీయగానే వాసన వచ్చింది. నీళ్లు మసకగా ఉన్నాయి. నాలుగు చేపలు పోయాయి. పక్కింటివాళ్లు మేత ఎక్కువ వేసినట్టున్నారు." మేత ఎక్కువై పోయే చేపలు ఉన్నాయి, కాదనను. కానీ నేను వెళ్లి చూసిన తొట్లలో చాలావాటికి కారణం వేరే. ప్రయాణానికి ముందు ఒక అరగంట కేటాయిస్తే అది బయటపడేది. ఆ అరగంట మాత్రం ఎవరూ కేటాయించరు.

నీళ్లు మార్చడం, కుళాయిలో వచ్చే కావేరి నీళ్లలో క్లోరిన్ పోవడానికి మందు వేయడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

సమస్య: ఫిల్టర్, ఎయిర్ పంప్, లైటు అన్నీ ఆగిపోయి ఉన్నాయి

స్విచ్చి చూడండి. ఊరెళ్లేటప్పుడు మెయిన్ ఆపేయడం మన ఇళ్లలో అలవాటు. మీరు కిందకి దిగి ఆటో ఎక్కుతుంటే, చివరగా తాళం వేసే అమ్మో అత్తయ్యో అన్నీ కట్టేసి వస్తారు. ఫ్రిజ్ ఖాళీ చేసి ఆపాం కదా, ఇంక కరెంటు ఎందుకని వాళ్ల ఆలోచన. తొట్టి ఉన్న గదికి వెళ్లే ఎంసీబీ (మెయిన్ బోర్డులో ఆ గది కరెంటు ఆపే స్విచ్చి) మీద, తొట్టి దగ్గరున్న స్విచ్చి మీద "చేపలు - ఆపొద్దు" అని రాసి టేపు అంటించండి. తాళం వేసేది ఎవరైతే వాళ్లకు నోటితో కూడా చెప్పండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే, తొట్టి ప్లగ్గు ఆ లైనులోనే ఉందో లేదో చూడండి. చాలా ఇళ్లలో ఇన్వర్టర్ ఫ్యానుకు, లైట్లకే ఉంటుంది.

సమస్య: నీళ్లు పాలలా ఉన్నాయి, అడుగున మేత పేరుకుంది

ఇది నిజంగానే మేత వల్ల వచ్చింది. ఎదిగిన, ఆరోగ్యంగా ఉన్న మోలీ, గప్పీ, ఏంజెల్, గోల్డ్ ఫిష్‌లాంటివి వారం రోజులు ఏమీ తినకపోయినా బతుకుతాయి. పిల్లచేపలకు మాత్రం ఆ ఓపిక ఉండదు. వారంలోపు తిరిగొస్తారంటే ఎవరికీ మేత అప్పజెప్పకండి. అంతకన్నా ఎక్కువ రోజులైతే, రెండు రోజులకు ఒక చిటికె లెక్కన చిన్న కాగితం పొట్లాలు కట్టి, ఒక్కోదాని మీద తేదీ రాసి ఇవ్వండి. మేత డబ్బా బీరువాలో పెట్టేయండి. డబ్బా ఎదురుగా ఉంటే, చేపలు అద్దం దగ్గరికొచ్చి అడుగుతున్నట్టు కనిపించి, జాలిపడి రెండోసారి కూడా వేస్తారు. సెలవులకని అమ్మే కరిగే మేత బిళ్లలు నేను వాడను.

సమస్య: ఫిల్టర్ బాగానే నడుస్తోంది, మేత ఎవరూ వేయలేదు, అయినా చేపలు పోయాయి

నన్ను రెండేళ్లు ఏడిపించింది ఇదే.

ఏప్రిల్‌లో తొమ్మిది రోజులు ఊళ్లో ఉండి వచ్చాం. మూడు చేపలు చనిపోయి ఉన్నాయి. మిగిలినవి నీటి పైకొచ్చి గుటకలు వేస్తున్నాయి. నీళ్లు రెండు అంగుళాలకు పైగా తగ్గాయి. తగ్గాయి కదా అని ముందు బకెట్టుతో నీళ్లు నింపాను. ఫిల్టర్ నుంచి నీళ్లు మామూలుగా పడుతున్నాయి. ఫిల్టర్‌లో తప్పేమీ లేదు, ఎండకు నీళ్లు వేడెక్కి ఊపిరాడలేదేమో అనుకున్నాను. తెల్లారేసరికి మిగిలినవీ పోయాయి. మరుసటి ఏడాదీ అంతే. అప్పుడు నింపకముందే ఒక నిమిషం ఆగి చూశాను. ఫిల్టర్ గుర్రుమని శబ్దం చేస్తోంది గానీ చుక్క నీరు పడటం లేదు. నీళ్లు నింపగానే పడటం మొదలైంది. అంటే మొదటి ఏడాది దోషం ఎక్కడుందో తెలియనివ్వకుండా నా చేతులతో నేనే చెరిపేశాను.

జరిగేది ఇది. తొట్టి అంచుకు తగిలించే ఫిల్టర్లలో కొన్నిటికి మోటారు పైన డబ్బాలో ఉంటుంది. గొట్టం తొట్టి అంచు మీదుగా నీటిలోకి దిగుతుంది. కరెంటు పోగానే గొట్టంలో నీళ్లు వెనక్కి జారిపోతాయి. తొట్టి నిండుగా ఉంటే మోటారు దగ్గర కాస్త నీరు నిలుస్తుంది, కరెంటు రాగానే అందుకుంటుంది. నీటిమట్టం పడిపోయి ఉంటే గొట్టమంతా గాలి నిండుతుంది. ఆ చిన్న మోటారుకు గాలిని తోసి అంత ఎత్తు నీటిని లాగే బలం లేదు. శబ్దం వస్తుంది, నీరు రాదు.

బెంగళూరు ఎండాకాలంలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి మూత లేని తొట్టిలో నీళ్లు త్వరగా తగ్గుతాయి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలివాన వస్తే కరెంటు పోనే పోతుంది. రెండూ ఒకే వారంలో పడతాయి. "మా అపార్ట్‌మెంట్‌కు జనరేటర్ ఉంది" అంటారు కొందరు. జనరేటర్ అందుకునే ఆ కొన్ని సెకన్లు చాలు ఫిల్టర్ ఆగడానికి. తిరిగి మామూలు కరెంటుకు మారేటప్పుడు ఇంకోసారి ఆగుతుంది. ఒక్క కోతకు రెండు గండాలు.

రెండో దెబ్బ ఇంకా గట్టిది. చేపల వ్యర్థాల నుంచి నీటిలో అమ్మోనియా అనే విషం పుడుతుంది, ఫిల్టర్ స్పాంజిలో దాన్ని విరిచే బ్యాక్టీరియా ఉంటుంది. ఆ బ్యాక్టీరియాకు ప్రాణవాయువు కావాలి. నీటి కదలిక ఆగితే కొన్ని గంటల్లోనే అది చావడం మొదలవుతుంది, డబ్బాలో నీళ్లు కుళ్లుతాయి. మీరు వచ్చి తొట్టి నింపగానే ఆ కుళ్లు మొత్తం బతికున్న చేపల మీదకి వస్తుంది. నా మిగిలిన చేపలు రాత్రికి రాత్రే పోయింది అందుకే.

కాబట్టి ఇంటికొచ్చాక నీళ్లు పోసే ముందు ఫిల్టర్‌లో నీరు పడుతోందా అని చూడండి. పడకపోతే ప్లగ్గు తీసేయండి. డబ్బాలో నీళ్లు బయట పారబోయండి. స్పాంజిని తొట్టి నీళ్లతోనే బకెట్టులో పిండి కడగండి, కుళాయి కింద వద్దు. తర్వాత తొట్టిలో మూడోవంతు నీళ్లు మార్చి అప్పుడు ఫిల్టర్ ఆన్ చేయండి. రెండు రోజులు మేత వేయకండి. నీటిలో అమ్మోనియా ఎంతుందో చూపే కిట్ ఉంటే రోజూ చూడండి. అది సున్నా చూపించేదాకా ఒకరోజు విడిచి ఒకరోజు కొంచెం నీళ్లు మారుస్తూ ఉండండి.

ఇక వెళ్లే ముందు చేయాల్సిన పరీక్ష. ప్రయాణానికి నెల ముందు అద్దం మీద నీటిమట్టం దగ్గర టేపు ముక్క అంటించి, మూడు రోజుల్లో ఎంత తగ్గిందో కొలవండి. దాన్నిబట్టి మీరు లేని రోజులకు ఎంత తగ్గుతుందో లెక్క కట్టి, అంత నీరు మగ్గుతో తోడేయండి. ఇప్పుడు స్విచ్చి ఆపి పది నిమిషాలు ఆగి వేయండి. ఇలా మూడుసార్లు చేయండి. మూడుసార్లూ దానంతటదే నీరు పడితేనే నిశ్చింతగా వెళ్లండి. తొట్టి నిండుగా ఉన్నప్పుడు చేసే పరీక్ష పనికిరాదు, నిండుగా ఉంటే చాలా ఫిల్టర్లు అందుకుంటాయి.

పడకపోతే మొదట మోటారులోని చిన్న చక్రం తీసి పాచి, ఇసుక రేణువులు తుడిచి మళ్లీ చూడండి. అప్పటికీ పడకపోతే ఆ ఫిల్టర్‌ను నమ్ముకుని వెళ్లొద్దు. ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్ ఒకటి కనీసం మూడు వారాల ముందే తొట్టిలో పాత ఫిల్టర్ పక్కన పెట్టి నడపండి, అందులో బ్యాక్టీరియా పెరగడానికి ఆ మాత్రం సమయం కావాలి. అది ఎన్నిసార్లు ఆగినా మళ్లీ నడుస్తుంది. పంపును నీటిమట్టం కన్నా ఎత్తులో పెట్టండి, లేదా గొట్టానికి నాన్ రిటర్న్ వాల్వ్ తగిలించండి. అది లేక తొట్టి నీళ్లు గొట్టం గుండా వెనక్కి వచ్చి పంపు పాడై, నేలంతా తడిసిన ఇల్లు చూశాను. కొత్త ఫిల్టర్ కొనేటట్టయితే మోటారు నీటిలో మునిగి ఉండేది అడగండి. దానికి ఈ జబ్బు ఉండదు. బయల్దేరే రోజు తొట్టిని అంచుదాకా నింపి, గాలి ఆడే సందు వదిలి మూత పెట్టండి.

ఇంకొకటి. వెళ్లే ముందు రోజు తొట్టంతా శుభ్రంగా కడిగేసి వెళ్లేవాళ్లున్నారు. దయచేసి ఆ పని మూడు నాలుగు రోజుల ముందే ముగించండి. ఏదైనా తేడా వస్తే మీరు ఇంట్లో ఉన్నప్పుడే కనిపించాలి. కొత్త చేపలను కూడా వచ్చాకే కొనండి.

మిగతావి

నీళ్లు పచ్చబడితే లైటు ఎక్కువసేపు వెలిగి ఉండొచ్చు. చేపలకు ప్రమాదం లేదు. హీటరు ఆగకుండా కాగడం, అద్దం పగలడం చాలా అరుదు, వాటి గురించి టెన్షన్ పడొద్దు. వైరు మాత్రం ప్లగ్గు కన్నా కిందకి వేలాడేలా వదలండి, దాని వెంట జారిన నీటిచుక్క ప్లగ్గులోకి పోకుండా కింద పడుతుంది.